ఏటిసూతకంలో కొన్న కొండ బండ్లు

మా ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఏడాదిపాటు కొండ ఎక్కకూడదు. ఏటిసూతకం అంటారు. ఆ ఏడాదంతా పండగలు చెయ్యం, గుళ్ళో అర్చనలు చేయించం, కొండమీది దేవుడి జోలికి అసలే పోం. సరిగ్గా అలాంటి ఏడాదిలో మేం కొండలెక్కే మోటారు సైకిళ్ళు కొన్నాం. ఒకటి కాదు, మూడు. తిరువూరులో ఈ సంగతి విన్నవాళ్ళు మొదట నవ్వారు. తర్వాత పోయింది ఎవరో గుర్తొచ్చి, నవ్వు ఆపుకుని, టీ తాగుతారా అని అడిగారు.

పోయింది మా ఆవిడ. ఎ.కొండూరు అవతల ఒక పల్లెలో హైస్కూల్లో లెక్కలు చెప్పేది. కార్తీకమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. జబ్బు చేసి, ఆస్పత్రుల చుట్టూ తిరిగి, ఆశ పెట్టుకుని, ఆశ వదులుకుని ఉంటే ఏడవడానికి కొంత వ్యవధి దొరికేదేమో. నాకది దొరకలేదు. అందరూ ఏడుస్తుంటే టెంటు వాడితో కుర్చీల గురించి మాట్లాడుతూ నిలబడ్డాను.

బండ్ల పిచ్చి ఆమెది. గేరు బండి తోలడం పెళ్ళికి ముందే వచ్చు. నాకు పెళ్ళయ్యాక ఆమే నేర్పింది, ఎవరూ చూడకుండా, సాగర్ కాలువ కట్టమీద. మొగుడికి బండి నేర్పిన పెళ్ళాం అని ఊరు నవ్వుతుందని నా భయం. "నవ్వితే నవ్వనీ, క్లచ్చి వదులు ముందు" అనేది. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఫోన్లో ఏవో వీడియోలు చూడ్డం మొదలెట్టింది. ఎక్కడెక్కడి కుటుంబాలో తల్లీ తండ్రీ పిల్లలూ తలా ఒక బండి వేసుకుని రాళ్ళల్లో, బురదలో, కొండదారుల్లో పోతుంటారు. పడతారు, లేస్తారు, నవ్వుకుంటారు. "మనం కూడా నలుగురం, నాలుగు బండ్లు. మామిడి తోటల్లో డొంకలు పట్టుకుని రెడ్డిగూడెం దాకా పోదాం. ఆ కొండలెక్కి, పైన కూర్చుని పులిహోర తిని వద్దాం" అనేది. ఈ వయసులో సర్కస్ ఏంటే అనేవాణ్ణి. నీకు నచ్చకపోతే రాకు, పులిహోర మేమే తింటాం అనేది.

నాకు పురుగుమందుల కొట్టు ఉంది, బస్టాండుకి దగ్గర్లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రైతులు మిరపాకో పత్తాకో గుడ్డలో చుట్టి తెచ్చి బల్లమీద పెడతారు. చూసి, ఇది కొట్టు, అది కలపొద్దు, పొద్దెక్కాక కొట్టావంటే డబ్బు బూడిదలో పోసినట్టే అని చెప్పాలి. చెప్పింది వినకపోతే తిడతాను. నా తిట్లకి ఆ చుట్టుపక్కల మంచి పేరే ఉంది. మందుకి కాకపోయినా తిట్లకి పురుగు చస్తుందని అంటారట.

ఆమె పోయాక తిట్టడం ఆగిపోయింది. ఆ చలికాలం మిరపకి నల్లతామర పురుగు పట్టి, ఒక రైతు కొట్టు ముందు నిలబడి నోటికొచ్చినట్టు అరిచాడు. నేనిచ్చిన మందు పని చెయ్యలేదట. చెప్పిన మోతాదులో సగం కొట్టి ఉంటాడని అతని మొహం చూస్తేనే తెలిసిపోయింది. మామూలుగా అయితే అక్కడ రామరావణ యుద్ధమే. నేను "అలాగేనయ్యా" అని ఇంకో డబ్బా ఇచ్చి పంపేశాను. సాయంత్రానికి ఈ కబురు మా అమ్మకి చేరింది. అన్నం పెడుతూ నా మొహంలోకి చూసి, "ఏరా, నువ్వు తిట్టలేదంటగా, ఒంట్లో బాలేదా?" అంది. బానే ఉందన్నాను. నిజంగా బానే ఉంది. తింటున్నాను, నిద్ర పడుతోంది, కొట్టు తెరుస్తున్నాను. దేనిమీదా ఇష్టం లేదు, కష్టం లేదు. పిప్పిపన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాను.

మాకు ఇద్దరమ్మాయిలు. పెద్దది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రం బస్సుకి వస్తుంది. చిన్నది వ్యవసాయ డిగ్రీ చదువు ముగించి, నాకు తోడుగా కొట్లో కూర్చుంటోంది. ముగ్గురం కలిసి అన్నాలు తినేవాళ్ళం. పప్పు ఇటివ్వు, మజ్జిగ చాలు, బస్సులో సీటు దొరికిందా, ఇవే మాటలు. ఆమె ఊసు ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. వాళ్ళు నా ముందు ఏడ్చేవాళ్ళు కాదు, నేను ఏడవట్లేదు గనక. ఏం అడిగినా "మీ ఇష్టం" అనేవాణ్ణి. కూర ఏం వండమంటావు, మీ ఇష్టం. అమ్మ చీరలు ఎవరికిద్దాం, మీ ఇష్టం. ఒక శనివారం చిన్నది కంచం ముందే చేతులు కట్టుకుని కూర్చుంది.

"నాన్నా, అమ్మ అన్న బండ్లు కొందాం."

"మీ ఇష్టం."

"అదే వద్దంటున్నా. మా ఇష్టం కాదు. నువ్వు కూడా తోలాలి, నీ బండి నువ్వే ఏరుకోవాలి. ఇది నాకు నచ్చింది, ఇది కావాలి అని నీ నోటితో ఒక్కసారి అనాలి. అమ్మ పోయిన దగ్గర్నుంచి నువ్వు ఏదీ కావాలని అడగలేదు. మంచినీళ్ళు కూడా."

పెద్దది తల వంచుకుని అన్నం కెలుకుతోంది. అంటే ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. నాకు అర్థమైంది, వాళ్ళకి కావలసింది బండ్లు కాదు. తల్లి ఒక్కపూటలో పోయింది, తండ్రి రోజుకి కొంచెం పోతున్నాడు. అది ఆపడానికి పిల్లలకి దొరికిన ఉపాయం ఇది. ఇంత తెలిసినా నాలో ఏమీ కదల్లేదు. సరే అన్నాను.

అడ్డు వస్తుందనుకున్న మా అమ్మ అడ్డు రాలేదు. సూతకంలో బండి కొనకూడదని ఎక్కడా లేదంది. "కొండ మాత్రం ఎక్కడానికి లేదు. మాటంటే మాటే" అంది. కొండంటే దేవుడున్న కొండ మాత్రమేనని మా పంతులుగారు కూడా చెప్పారు. ఆవిడ వినలేదు.

"కొండ కొండే. మీకు కనపడకపోతే దేవుడు లేనట్టా?"

"మరి మిట్ట ఎక్కొచ్చా నానమ్మా?" అని చిన్నది అడిగింది. "ఎంత ఎత్తుంటే కొండ?"

"ఎక్కుతుంటే ఆయాసం వస్తే కొండ. రాకపోతే మిట్ట."

"బండిమీద పోతే ఆయాసం రాదుగా."

"బండికి వస్తదిగా" అంది మా అమ్మ. ఆవిడ ఏ కోర్టులో ప్లీడరు కావలసిందో ఇలా మా ఇంట్లో ఉండిపోయింది.

బండ్లు చూడటానికి విజయవాడ వెళ్ళాం. ఇలాంటి బండి ఎంచుకోవడం మామూలు బండి కొన్నట్టు కాదు. మైలేజీ ఎంత, రంగేంటి అని అడిగితే సరిపోదు. పెద్దదానికి తల్లి లెక్కల బుర్ర వచ్చింది. అది చూసే పద్ధతి వేరు. బరువు ముందు చూడాలంది. "పడకుండా ఉండం. పడ్డాక లేపుకోవాలి. కొండ కింద సాయం పట్టడానికి ఎవరుంటారు?" బండి కడుపుకి నేలకి మధ్య జానెడు కంటే ఎక్కువ ఎత్తుండాలి, లేకపోతే రాయి తగిలి ఇంజను పగులుతుంది. చక్రాలకి స్పోకు పుల్లలుండాలి, దెబ్బ తగిలినా సొట్ట తీసుకోవచ్చు. మట్టిలో పట్టు దొరికేలా గుబ్బలున్న బటన్ టైర్లుండాలి. కిక్కు రాడ్డు ఉంటే మరీ మంచిది. ఉత్త సెల్ఫుతో పోతే బ్యాటరీ పడిపోయిన రోజు తోటలో కూర్చుని భజన చేసుకోవాలట. చిన్నదానికి ఇవేమీ పట్టవు. ఎర్రది కావాలి, ఎత్తుగా ఉండాలి, చూసినవాడు పక్కకి తప్పుకోవాలి.

అమ్మే కుర్రాడు నా దగ్గరికొచ్చి ఏదేదో చెప్పాడు, సస్పెన్షను, టార్కు, వెనకచక్రం ఏబీఎస్ ఆపుకునే స్విచ్చి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను ఆ షాపు అద్దాల్లోంచి బయట రోడ్డు చూస్తున్నాను. చివరికి అతనే తేల్చేశాడు. మేడమ్‌లకి తేలికవి రెండు, సార్ మగమనిషి కాబట్టి పెద్ద బండి. నన్ను దానిమీద కూర్చోబెట్టారు. నేను పొట్టివాణ్ణి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు గానీ ఆ పూట నాకు ఒక్కటీ పని చెయ్యలేదు. ఆ సీటు మీంచి నా బొటనవేళ్ళు మాత్రం నేలకి తగిలాయి. "కాళ్ళు ఆనుతున్నాయా నాన్నా?" అని పెద్దది అడిగింది. ఆనుతున్నాయన్నాను. "నచ్చిందా?" నచ్చిందన్నాను. చిన్నది నా మొహంలోకి చాలాసేపు చూసి, వెళ్ళి బిల్లు దగ్గర నిలబడింది.

బండ్లు ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. సూతకంలో గుడికి తీసుకెళ్ళి బండిపూజ చేయించే వీల్లేదు. పూజ చెయ్యని బండి ఎక్కడానికి మా అమ్మ ఒప్పుకోదు. మూడు బండ్లూ వసారాలో దుప్పట్లు కప్పుకుని పడి ఉన్నాయి. అప్పుడు మా ఆవిడతోపాటు పనిచేసిన తెలుగు టీచరుగారు వచ్చారు. వాళ్ళు క్రైస్తవులు, మా వీధి చివరే ఇల్లు. సంగతి విని, "అన్నయ్యగారూ, మీకు సూతకం గానీ మాకు లేదు కదండీ. పాస్టరుగారిని మా ఇంటికి పిలిపించి బండ్లకి ప్రార్థన చేయిస్తా, మీకు అభ్యంతరం లేకపోతే" అన్నారు. నాకు దేనికీ అభ్యంతరం లేదు. నేను మా అమ్మ వైపు చూశాను. "బండి క్షేమంగా తిరిగొస్తే చాలు టీచరమ్మా. ఎవరు చూసుకుంటే ఏం" అంది ఆవిడ.

పాస్టరుగారు టీచరుగారి వాకిట్లో బండ్లమీద చెయ్యి పెట్టి మంచి ప్రార్థన చేశారు. ఈ కుటుంబం వెళ్ళే దారులన్నిట్లో తోడుండమన్నారు. ఆమెన్ అనగానే మా అమ్మ కొంగులోంచి నిమ్మకాయలు తీసి ఒక్కో చక్రం కింద పెట్టసాగింది. నేను కంగారుపడి "అమ్మా, ఇక్కడ కాదే" అన్నాను. "ఇది పూజ కాదురా, దిష్టి. దిష్టికి సూతకమూ లేదు, మతమూ లేదు" అంది. పాస్టరుగారు నవ్వి, ముందు చక్రం కింది కాయ జారిపోతుంటే బూటుతో సరిచేశారు. టీచరుగారు నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేను కూడా నవ్వాల్సిన చోటని తెలుసుకుని నవ్వాను.

అప్పట్నుంచి ఆదివారాలు పొద్దున్నే బయల్దేరేవాళ్ళం. ఊరు దాటి, పత్తి కట్టె పీకేసిన చేల పక్కగా డొంకలోకి దిగి, మామిడి తోటల మధ్య నుంచి పోయేవాళ్ళం. ఎర్రగరప నేల, చక్రం కింద గలగలమంటుంది. చిన్నది ముందు, నేను మధ్యలో, పెద్దది వెనక. నన్ను మధ్యలో పెట్టుకోవడం కూడా వాళ్ళు మాట్లాడుకున్నదే. తోటల చివర కొండ మొదలయ్యే చోట మేకలు తొక్కిన దారి ఒకటి పైకి పోతుంది. అక్కడిదాకా పోయి బండ్లు ఆపి, నీళ్ళు తాగి, వెనక్కి తిప్పేవాళ్ళం. కొండలెక్కే బండ్లు మూడు కొండ మొదట్లోకి వచ్చి బుద్ధిగా వెనక్కి తిరగడం చూసి, మేకలు కాసే ముసలాయన ఒకరోజు "పెట్రోలు అయిపోయిందా బాబూ?" అని జాలిపడ్డాడు. చిన్నదానికి ఆ చోటికి రాగానే ఉక్రోషం. నాకు మాత్రం అక్కడ ఆగి వెనక్కి తిరుగుతుంటే ప్రాణం కాస్త కుదుటపడేది. ఎందుకో తెలియదు, ఆలోచించలేదు కూడా.

వైశాఖంలో పడ్డాను. ముందురోజు గాలివాన వచ్చి తోటంతా తడిగా ఉంది. నీళ్ళు పారే బోదె దాటుతుంటే బండి ఎడమకి ఒరిగింది. కాలు పెడదామని చాపాను, కింద నేల దొరకలేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఈసారి నిజంగా మద్దెలే ఓడు. బండి నామీద పడింది. బూటు ఉంది గనక కాలికి ఏమీ కాలేదు, ఇరుక్కుంది అంతే. వెల్లకిలా పడి ఉన్నాను. పైన కొమ్మకి కలెక్టరు మామిడికాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. వీపు కింద తడి. లేవాలనిపించలేదు. పిలవాలని కూడా అనిపించలేదు. ఇలాగే ఉండిపోతే ఏం అనుకున్నాను. ఆ అనుకోవడంలో బాధ లేదు, అందుకే ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది.

వెనక వస్తున్న పెద్దది బండి పడేసి పరుగెత్తుకొచ్చింది. చిన్నది తిరిగొచ్చింది. ఇద్దరూ కలిసి ఆ బండిని లేపడానికి నానా తంటాలు పడ్డారు, అది అంత బరువు. నేను లేచి కూర్చున్నాక, కాలూ చెయ్యీ తడిమి చూశాక, చిన్నదానికి కోపం వచ్చింది.

"ఎందుకు అరవలేదు? పక్కనే ఉన్నాంగా. ఒక్క కేక వెయ్యొచ్చుగా!"

"ఏమీ కాలేదుగా."

"కాళ్ళు ఆనవని ఆ రోజే తెలుసు నాకు. నీకూ తెలుసు. వద్దు అని ఒక్క మాట అంటావేమో, నచ్చలేదని తిడతావేమో అని చూశాను. అనలేదు. నీకేమైనా కావాలా నాన్నా అసలు? మేమైనా కావాలా?"

పిల్లలు కావాలని తెలుసు. తెలియడం వేరు, కావాలనిపించడం వేరు. పెద్దది నా పక్కన ఆ తడిలోనే కూర్చుంది. హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని, "అమ్మ మా ఇద్దరికీ ఒకటే చెప్పింది నాన్నా. ముందు మీ నాన్న కాళ్ళు నేలకి ఆనే బండి వెతకండి, మనవి తర్వాత, మనం ఏదైనా తోలతాం అంది. నేను షాపులో నువ్వు చెప్పింది నమ్మాను" అంది.

ఆ రోజు పెద్దదాని తేలిక బండి నేను తోలుకొచ్చాను. రెండు పాదాలూ నిండుగా నేలకి తగిలాయి. పెద్ద బండి అది తీసుకుంది. ఇంటికొచ్చాక, "ఇది బాగుంది" అన్నాను. చిన్నది విన్నది గానీ తృప్తిపడలేదు. బాగుందనడం, కావాలనడం ఒకటి కాదని దానికి తెలుసు.

పత్తి సీజను వచ్చింది, కొట్లో జనం. వర్షాలకి డొంకలు బురదయ్యాయి, కొన్ని ఆదివారాలు మానేశాం. దసరా అయింది, దీపావళి అయింది, మా ఇంట్లో దీపం పెట్టలేదు. కార్తీకం వచ్చింది. సంవత్సరీకం చేశాం. పిండాలు పెట్టి, బ్రాహ్మలకి భోజనాలు పెట్టి, పంతులుగారు అక్షింతలు చల్లి, "ఇక మీరు అన్నీ చెయ్యొచ్చు" అన్నారు. ఆ మాటతో ఇల్లు ఒక్కసారిగా తేలికపడింది. చుట్టాలు గట్టిగా మాట్లాడుకున్నారు. ఎవరో గుమ్మానికి మామిడాకులు కట్టారు. మా అమ్మ నా దగ్గరకొచ్చి భుజం తట్టి, "సూతకం తీరిందిరా. పిల్లల్ని కొండెక్కించు" అంది. ఆవిడ గొంతులో కూడా బరువు దిగిన సంతోషం ఉంది. కోడలంటే ఆవిడకి ప్రాణం. అయినా సంతోషమే. ఏడాదంటే అందరికీ ఏడాదే కదా.

మర్నాటి ఆదివారం బయల్దేరాం. మంచు ఇంకా తోటల్లో ఉంది. చిన్నది ఉత్సాహంగా ముందు పోతోంది. కొండ మొదట్లో ఈసారి ఆగలేదు, మేకల దారిలో నేరుగా పైకి ఎక్కించేసింది. బండి రాళ్ళమీద ఎగురుతూ పోతుంటే అది సీటు మీంచి లేచి నిలబడి తోలింది, అచ్చం వాళ్ళమ్మ చూసిన వీడియోల్లోలాగా. నేను గేరు తగ్గించాను. ముందు చక్రం మొదటి రాయి ఎక్కింది. అక్కడ ఆపేశాను. ఇంజను కూడా ఆపేశాను.

వెనక పెద్దది ఆగింది. పైనుంచి చిన్నది చూసి, బండి అక్కడే నిలబెట్టి, నడుచుకుంటూ దిగొచ్చింది.

"ఏమైంది నాన్నా, జారుతోందా?"

"లేదు."

"భయమేస్తోందా?"

"కాదు. పైకి వెళ్ళను."

"ఎందుకు? ఇప్పుడు వెళ్ళొచ్చుగా. నానమ్మే చెప్పిందిగా."

అదే సంగతి. వెళ్ళొచ్చు. నిన్నటిదాకా మాకు కొండ వద్దు, పండగ వద్దు, గుడి వద్దు. మా ఇంట్లోంచి ఒక మనిషి పోయిందని లోకం ఒప్పుకున్న ఏడాది అది. మేం ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఆమె కోసమే తిరిగాం. ఈ దారిలో పైకి పోతే ఇక ఆమె కోసం ఆపుకోవలసింది ఏమీ మిగలదు. ఇదంతా నాకు అప్పుడు ఇంత వరసగా తోచలేదు. బండి దిగాను, అంతే.

పెద్దది దగ్గరకొచ్చి నా హెల్మెట్టు బకిలు తీసింది, చిన్నపిల్లాడికి తీసినట్టు. "ఏం కావాలి నాన్నా నీకు?" అంది. కోపంగా అడగలేదు.

"మీ అమ్మ కావాలి" అన్నాను.

అన్నాక ఆగలేదు. కావాలి, నాకు మీ అమ్మ కావాలి అని అంటూనే ఉన్నాను. చిన్నది వచ్చి నా చొక్కా గుప్పిట్లో పట్టుకుని "మాకు కూడా నాన్నా" అంది. బండి స్టాండు వేశానో లేదో తెలియదు, అది పక్కకి ఒరిగి పడింది, ఎవరం లేపలేదు. ఆమె పోయాక మేం ముగ్గురం ఒక్కచోట కూర్చుని ఏడ్చింది ఆ రోజే.